మైలుతుత్తానికి తట్టుకునే లోహం ఏది?

నల్గొండ చుట్టుపక్కల బత్తాయి తోటల్లో బోర్డో మిశ్రమం (మైలుతుత్తం అనే కాపర్ సల్ఫేట్, సున్నం నీళ్లలో కలిపిన తెగుళ్ల మందు) వాడకం ఎక్కువే. ఆ మందు తగిలిన పంపు సామాన్లు ఎందుకంత త్వరగా పాడవుతాయో తేల్చుకోవాలని, పాత స్ప్రేయర్ల ముక్కలు గాజు సీసాల్లో నానబెడుతున్నాను. ఇనుప మేకు, జింక్ పూత తీగ, అల్యూమినియం ముక్క, ఇత్తడి నాజిల్, స్టీలు (స్టెయిన్‌లెస్) బోల్టు. ఒక వరుసలో లీటరుకు 10 గ్రాముల మైలుతుత్తం, ఇంకో వరుసలో దానికి 10 గ్రాముల సున్నం చేర్చిన 1 శాతం బోర్డో. మూతలు బిగించడం లేదు, లోపల గ్యాస్ పుడుతుంది.

మైలుతుత్తంలో మేకు చూస్తుండగానే ఎర్రబడింది. అది తుప్పు కాదు, రాగి. ఇనుము కరుగుతుంటే నీళ్లలోని రాగి దాని మీద పేరుకుంటుంది. బోర్డో కలిపాక కత్తి ముంచి చూసేది ఇందుకే. కత్తి ఎర్రబడితే సున్నం చాలలేదని అర్థం. జింక్ తీగ ఇంకా త్వరగా నల్లబడింది.

అల్యూమినియం దగ్గర చాలాసేపు ఆగాను. ఫిల్టర్ నీళ్లలో కలిపిన మైలుతుత్తంలో అది దాదాపు అలాగే ఉంది. ఉప్పు బోరు నీళ్లలో మాత్రం బుడగలు లేచి గుంటలు పడ్డాయి. దాన్ని కాపాడే సన్నని ఆక్సైడ్ పొరను క్లోరైడ్ ఛేదిస్తుంది. పోనీ సున్నం ఎక్కువేద్దామంటే, క్షారం కూడా ఆ పొరను కరిగిస్తుంది. మా బోరు నీళ్లకు అల్యూమినియం లాన్స్ (మందు కొట్టే పొడవాటి గొట్టం) వద్దనే నా నిర్ణయం.

స్టీలు బోల్టు మెరుస్తూనే ఉంది. ఇత్తడికి కాస్త రంగు మారింది, అంతే. అయితే నాజిల్‌కు రసాయనం ఒక్కటే శత్రువు కాదు. సున్నం, పొడి మందుల రేణువులు ఇత్తడి రంధ్రాన్ని అరగదీస్తాయి. నిమిషం పాటు కొలపాత్రలోకి కొట్టి చూడండి. కొత్త నాజిల్ కంటే 10 శాతం ఎక్కువ వస్తే మార్చేయాలి. ఈ అరుగుదలకు స్టీలు మేలు, సిరామిక్ ఇంకా మేలు.

గడ్డి మందు గ్లైఫోసేట్‌ను సీసాల్లో పెట్టలేదు, పెట్టను కూడా. జింక్ పూత డబ్బాలో గానీ, లోపల పూత లేని ఇనుప డ్రమ్ములో గానీ దాన్ని కలిపితే మండే హైడ్రోజన్ వస్తుంది. ప్లాస్టిక్ డ్రమ్మే వాడండి.

ఇక మిగిలింది అతుకులు, అంటే వేర్వేరు లోహాలు కలిసే చోట్లు. స్టీలు గొట్టానికి ఇత్తడి నాజిల్, మధ్యలో ఇనుప స్ప్రింగు ఉన్న గన్‌లో ముందు పోయేది ఆ స్ప్రింగే. దాని బదులు స్టీలు స్ప్రింగు వేసి, మందు కొట్టిన రోజే మంచి నీళ్లతో మూడుసార్లు కడిగి వాడుతున్నాను.