తాతయ్య మంచం

1996 నవంబరు తుపానుకి పెరట్లో పనస చెట్టు పడిపోతే, ఆ దుంగ కోయించి తాతయ్య సొంతంగా ఓ నులక మంచం చేశారు. ఆయన వడ్రంగి కాదు, కొబ్బరి రైతు. అందుకే నాలుగు కోళ్లలో ఒకటి ఎప్పుడూ పొట్టే. దాని కింద కొబ్బరి చిప్ప పెట్టేవాళ్లం.

మొన్న అమలాపురం దగ్గర మా ఊరెళ్తే అది పశువుల పాకలో గోడకి ఆనించి ఉంది. నులక చీకిపోయింది, ఒక పట్టె పుచ్చింది. "పొయ్యిలో పెట్టేద్దాంరా" అంది అమ్మ. నాకు మనసొప్పలేదు. చిత్రిక పట్టించి చూస్తే లోపల చెక్క పసుపు కొమ్ములా ఉంది! వీణలు చేసే చెక్క మరి, పొయ్యిలో పెడతామా?

పొడుగు పట్టెలు రెండూ పక్కపక్కన బిగించి అరుగు మీద బల్ల చేయించాం. బాగున్న పొట్టి పట్టెకి మేకులు కొడితే వంటింట్లో గరిటెలు, అట్లకాడ తగిలించుకోడానికి కుదిరింది. మూడు కోళ్లు కలిపి నీళ్ల కుండకి ముక్కాలి పీట. ఇది మాత్రం నా ఐడియా, చెప్పుకోవాలిగా!

పొట్టి కోడే ఎక్కడా ఇమడలేదు. అమ్మ దాన్ని తీసుకెళ్లి వీధి తలుపుకి అడ్డం పెట్టింది. గాలికి తలుపు కొట్టుకోవడం ఆగింది.