మాల వేసే ముందు పది రోజులు, తీసిన తర్వాత పది రోజులు

కార్తీకం వచ్చిందంటే కర్నూలు, ఆదోని, అనంతపురం వీధుల్లో ఎక్కడ చూసినా నల్లబట్టలే. కొందరు భక్తితో మాల వేస్తారు. కొందరు ఇంట్లో పోరు పడలేక, ఈ రకంగానైనా మందు మానాలని వేస్తారు. రెండోదాన్ని తక్కువ చేసి మాట్లాడేవాళ్లంటే నాకు గిట్టదు. 41 రోజులు చుక్క ముట్టకపోవడం చిన్న సంగతా? చిక్కల్లా ఒకటే. మొక్కు మనిషిది, ఒంటికి ఆ సంగతి తెలియదు.

మామూలుగా జరిగేది ఇది: రేపు మాల అంటే ఈ రాత్రి "ఇదే ఆఖరు" అని కడుపునిండా తాగడం, తెల్లవారుజామున చన్నీళ్లు పోసుకుని గుడికి పోవడం. అప్పుడప్పుడు తాగేవాళ్లకు దీనివల్ల తలనొప్పి తప్ప ఏమీ కాదు. ఏళ్లతరబడి రోజూ తాగేవాళ్ల లెక్క వేరు. మందు మెదడును అణిచిపెడుతుంది. దాన్ని తట్టుకోవడానికి మెదడు తన ఉద్రేకాన్ని పెంచుకుంటూ పోతుంది. మందు ఒక్కసారిగా ఆగితే అణిచేది పోతుంది, పెరిగిన ఉద్రేకం మాత్రం అట్లే ఉంటుంది.

మందు ఆపిన ఆరు నుంచి ఎనిమిది గంటల్లో చేతుల వణుకు, చెమటలు, వాంతులు మొదలవుతాయి. ఒక క్వార్టర్, అంటే 180 మిల్లీలీటర్లు, 42.8 శాతం మందయితే అందులో సుమారు 60 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది. కాలేయం గంటకు కరిగించేది 7 నుంచి 10 గ్రాములు. రాత్రి పదికి ముగించినవాడికి తెల్లారేసరికి గ్లాసు పట్టుకుంటే చెయ్యి వణికేది అందుకే. ఫిట్స్ వచ్చే భయం ఎక్కువగా మొదటి 48 గంటల్లో. ఆ తర్వాత, రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్యలో, కొందరికి మతి చలిస్తుంది. గోడమీద పురుగులు కనబడతాయి, లేనివాళ్లతో మాట్లాడతారు, జ్వరం, గుండెదడ. దీక్షలో ఉన్న మనిషి ఇట్లా చేస్తే చుట్టూ ఉన్నవాళ్లు స్వామి పూనాడని హారతి పడతారు. పూనకం కాదది, ప్రాణం తీసే జబ్బు. 108కి ఫోన్ చేయాలి. ఫిట్స్ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టండి. నోట్లో ఏదీ పెట్టొద్దు, నీళ్లు పోయొద్దు. చేతిలో తాళాలగుత్తి పెడితే ఫిట్స్ ఆగవు.

"పోయినేడు కూడా వేసినాడు, ఏమీ కాలేదు" అనే మాట తరచుగా వినబడుతుంది. అది ధైర్యం చెప్పే మాట కాదు. ఒక్కసారిగా మానడం, మళ్లీ తాగడం, మళ్లీ మానడం జరిగేకొద్దీ మెదడు మరింత సున్నితమవుతుంది. మూడుసార్లు వణుకుతో గడిచినా నాలుగోసారి ఫిట్స్ రావచ్చు. ఏటేటా మాల వేసేవాళ్లు ఎక్కువ జాగ్రత్తపడాలి.

అందుకే పొద్దున్నే మందు పడందే లేవలేనివాళ్లు, ఇదివరకు ఫిట్స్ వచ్చినవాళ్లు, కామెర్లు లేదా కడుపు ఉబ్బు ఉన్నవాళ్లు మాలకు పది రోజుల ముందే కర్నూలు పెద్దాసుపత్రిలోనో, అనంతపురం సర్వజన ఆసుపత్రిలోనో, కడప రిమ్స్‌లోనో మానసిక విభాగం ఓపీకి పోవాలి. అంత దూరం పోలేకపోతే ముందు మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416కి గానీ, మత్తు విముక్తి హెల్ప్‌లైన్ 14446కి గానీ ఫోన్ చేసి అడగొచ్చు. డాక్టరు మందు మాన్పించి, లిబ్రియం లాంటి మాత్రలిచ్చి వారం, పది రోజుల్లో మోతాదు తగ్గిస్తూ ఆపేస్తారు. కాలేయం బాగా చెడితే మాత్ర మారుస్తారు. ఇవి మెడికల్ షాపులో మనంతట మనం కొనుక్కునేవి కావు. వాటి మీద మందు పడితే ఊపిరి మందగిస్తుంది. రోజూ కల్లు తాగేవాళ్లు ఆ సంగతీ దాచొద్దు. కల్తీ కల్లులో అల్ప్రాజోలం అనే మత్తుమందు కలుపుతారు. దాన్ని మాన్పించడానికి వారాలు పట్టొచ్చు.

బి1 విటమిన్, అంటే థయమిన్, ముఖ్యం. తాగేవాళ్లలో అది అడుగంటి ఉంటుంది. దీక్షలో ఒక్కపూట భిక్ష వల్ల ఇంకా తగ్గుతుంది. నీరసంగా ఉన్నాడని థయమిన్ లేకుండా గ్లూకోజ్ సీసా ఎక్కిస్తే ఉన్న కాస్త బి1 కూడా ఖర్చయి, చూపు తేలిపోవడం, నడక తూలడం, మతిమరుపు రావచ్చు. ఊర్లో సెలైన్ పెట్టే ఆర్‌ఎంపీకి ఈ మాట గట్టిగా చెప్పాలి. దీక్షలో మాత్రలు వేసుకోకూడదనే నియమం లేదని గురుస్వామి నోటితో ఒక్కమాట చెప్పిస్తే సగం పని అయినట్టే.

ఇక 42వ రోజు. మాలలో ఉన్నన్నాళ్లు మనిషిని నిలబెట్టేది నియమం ఒక్కటే కాదు. వేళకు లేవడం, సాయంత్రం భజన, కలిసి తిరిగే పదిమంది, "తాగుబోతు" అన్న నోళ్లే "స్వామీ" అని పిలవడం. శబరిమల నుంచి దిగి మాల తీయగానే ఇవన్నీ ఒకే పూటలో పోతాయి. పైగా మండలపూజ ముగిసిన నాలుగైదు రోజులకే డిసెంబర్ 31, వెనకే సంక్రాంతి. స్నేహితులు క్వార్టర్ పట్టుకుని ఎదురుచూస్తుంటారు. 41 రోజుల్లో తట్టుకునే శక్తి తగ్గి ఉంటుంది కాబట్టి పాత మోతాదే ఇప్పుడు ఎక్కువవుతుంది. ఆ రాత్రి బండి తాళం ఇంట్లో ఉండటం మేలు.

తాగాలనే ఆశను తగ్గించే అకాంప్రోసేట్ మాత్ర కావాలంటే దీక్ష మధ్యలోనే మొదలుపెట్టించుకోవాలి. మాల తీశాక మొదలుపెడితే ఆలస్యమే. డైసల్ఫిరామ్ మాత్ర వేరే రకం. దాని మీద తాగితే ముఖం ఎర్రబడి, వాంతులు, గుండెదడ, బీపీ పడిపోవడం. ఆ మాత్ర మానేసిన రెండు వారాల దాకా ఆ ప్రభావం ఉండొచ్చు. దాన్ని సాంబారులో కలిపి మొగుడికి తెలియకుండా పెట్టమని సలహా ఇచ్చేవాళ్లు ప్రతి ఊర్లో ఉంటారు. సంగతి తెలియక ఆయన తాగితే చావొచ్చు. తెలిసి, ఒప్పుకుని, కాలేయం పరీక్ష అయ్యాకే అది వాడాలి.

భజన జట్టును ఆ తర్వాత కూడా వారానికోసారి కలిసేలా చూసుకోండి. జారి ఒక పూట తాగితే "మాల వేసి కూడా" అని దెప్పకుండా మరుసటి రోజే ఓపీకి తీసుకుపోండి. వారం పది రోజులు వరుసగా తాగేసి ఉంటే మాత్రం మళ్లీ ఇంట్లో ఒక్కసారిగా ఆపించొద్దు. లెక్క మొదటి నుంచి మొదలు: ఆసుపత్రి, మాత్రలు, బి1.