గాల్వెస్టన్‌లో ఓడ ఎక్కిన రోజు

శుక్రవారం రాత్రి, ఓడలో

అమ్మా నాన్నా పక్క క్యాబిన్‌లో పడుకున్నారు. రెండు క్యాబిన్లకీ మధ్యలో తలుపు ఉంది, తీసే ఉంచాం. టెక్సస్ తీరంలో ఉన్న గాల్వెస్టన్ రేవు నుంచి మెక్సికోలోని కొజుమెల్ దీవికి విహార ఓడలో బయల్దేరాం. మా పెద్దమ్మ కూతురు వచ్చే నెల వాళ్ల అత్తమామల్ని ఆ రేవు నుంచే ఓడ ఎక్కించబోతోంది. "ఏం సర్దాలే, ఎలా చెయ్యాలే?" అని పొద్దున్నే ఫోన్. మర్చిపోకముందే అంతా రాసిపెడుతున్నాను, దానికీ పనికొస్తుంది.

దానికి చెప్పాల్సిన మొదటి మాట ఇది: పెద్దవాళ్లతో వెళ్తుంటే ఎక్కే రోజుని వాళ్ల నడకకీ, మందుల వేళకీ, భోజనం వేళకీ తగ్గట్టు అమర్చుకోవాలి. రేవులో ఉన్న ఆ నాలుగు గంటలు వాళ్లు అలిసిపోకుండా ఉంటే తర్వాతి రోజుల గురించి పెద్దగా ఆలోచించక్కర్లేదు.

మేం నిన్ననే వచ్చేశాం. డాలస్‌లో ఐ-45 ఎక్కితే తిన్నగా గాల్వెస్టన్‌లోనే తేలుతుంది, దాదాపు 290 మైళ్లు. తెల్లవారుజామున బయల్దేరి అదే రోజు ఓడ ఎక్కేవాళ్లు చాలామందే ఉన్నారు. అమ్మానాన్నల్ని మాత్రం అలా పరిగెత్తించాలనిపించలేదు. దారిలో పేర్లాండ్ మీనాక్షి గుడికి వెళ్లి, అమ్మ తీరిగ్గా ప్రదక్షిణలు చేశాక, రాత్రికి గాల్వెస్టన్‌లో హోటల్లో ఉన్నాం. చలికాలంలో ఇక్కడ ఇంకో సంగతి ఉంది. సముద్రం మీంచి పొగమంచు కమ్మితే ఓడలు వచ్చే కాలువ మూసేస్తారు. లోపలికి రావాల్సిన ఓడ ఆలస్యమైతే మన ఎక్కడమూ ఆలస్యమే. ఇవాళ అలాగే అయింది. హోటల్ గది వదిలే ముందు ఫోన్లో మెసేజీ చూసుకున్నాం కాబట్టి, ఆ సమయమంతా నాన్న మంచం మీద నడుం వాల్చుకుని గడిపారు. అదే టెర్మినల్ బయట అయితే నిలబడి ఉండాల్సి వచ్చేది.

టెర్మినల్ దగ్గర మా ఆయన ముందు మమ్మల్నీ సామాన్లనీ దింపేసి, తర్వాత కారు పార్క్ చెయ్యడానికి వెళ్లారు. పార్కింగ్ ముందే బుక్ చేసుకోవాలి. పెద్ద పెట్టెలు అక్కడే పోర్టర్లకి ఇచ్చేశాం. ఇంట్లో ప్రింట్ తీసుకున్న ట్యాగులు పెట్టెలకి స్టేపుల్ చేసి, పైన టేపు కూడా చుట్టాం. పోర్టరుకి పెట్టెకి ఒకటో రెండో డాలర్లు ఇస్తారు. ఆ పెట్టెలు మళ్లీ మన కంటపడేది సాయంత్రమే, ఒక్కోసారి రాత్రి భోజనాలయ్యాక. అందుకే చేతిసంచీని నేనే స్వయంగా సర్దాను: నాన్న బీపీ, షుగరు మాత్రలు, షుగరు చూసుకునే మిషను, అమ్మ థైరాయిడ్ మాత్ర, మందుల చీటీల నకళ్లు, ఛార్జర్లు, ఒక జత బట్టలు, అమ్మకి స్వెట్టరు. ఏసీ చలి అమ్మకి అస్సలు పడదు. ఇన్సులిన్ తీసుకునేవాళ్లయితే మందుల ఫ్రిజ్ కావాలని బుక్ చేసినప్పుడే అడగాలి. క్యాబిన్లో ఉండే చిన్న ఫ్రిజ్ చల్లదనం సరిపోకపోవచ్చు.

కాగితాల గురించి దానికి గట్టిగా చెప్పాలి. పాస్‌పోర్టు అసలుదే ఉండాలి, ఫోటోకాపీ కుదరదు. ఓడ అమెరికా దాటి వెళ్లి మళ్లీ అమెరికాలోకి వస్తుంది కాబట్టి అమ్మానాన్నల విజిటర్ వీసా గడువులో ఉండాలి, మల్టిపుల్ ఎంట్రీ అయి ఉండాలి. చెల్లే అమెరికా వీసా ఉంటే మెక్సికోకి వేరే వీసా అడగరు. కొజుమెల్ వెళ్లే ఓడని ఎంచుకోవడానికి సగం కారణం అదే. వేరే దీవుల్లో ఆగే ఓడైతే ఆ దేశాల నియమాలు ఒక్కొక్కటీ చూసుకోవాలి. హెచ్-1బీ ఉద్యోగ వీసా మీద ఉన్నవాళ్లు దాని మంజూరు కాగితం ఐ-797 కూడా దగ్గర పెట్టుకోవాలి. పాస్‌పోర్టులో వీసా స్టాంపు గడువు అయిపోయి ఉంటే, లాయర్ని అడగకుండా టికెట్ కొనొద్దు.

వీల్‌ఛెయిర్ దగ్గర నాన్న కాసేపు మొండికేశారు. "నాకేమొచ్చిందమ్మా, నడుస్తాను కదా." నడవగలరు, నిజమే. కానీ సెక్యూరిటీ వరస, చెకిన్ వరస, ఆ తర్వాత ఓడలోకి ఎక్కే వాలుదారి, అన్నీ కలిపితే మోకాళ్లకి చాలా ఎక్కువ. "ఇక్కడ మోకాళ్లు అరగదీసుకుంటే రేపు డెక్ మీద నడవలేరు నాన్నా" అన్నాను. ఆ మాటకి కూర్చున్నారు. వీల్‌ఛెయిర్ కావాలని ముందే చెప్పి ఉంచడం మంచిది. తోసుకొచ్చిన కుర్రాడు అమ్మతో సమానంగా అడుగు వేస్తూ ఎంతో ఓపిగ్గా తీసుకొచ్చాడు. వాళ్లకి టిప్ ఇవ్వడానికి చిల్లర నోట్లు దగ్గరుండాలి, ఎందుకంటే ఓడలోపల నగదు పనే ఉండదు. అన్నీ క్యాబిన్ కార్డు మీదే రాస్తారు. సర్వీసు టిప్పులు కూడా మనిషికి రోజుకి సుమారు 16 నుంచి 20 డాలర్లు ఆ ఖాతాలోనే పడతాయి. ఆ లెక్క ముందే వేసుకోవాలి.

అమ్మ కరెంటు కుక్కర్ తెస్తానంది. నాన్నకి అన్నం మెత్తగా ఉండాలని ఆవిడ బెంగ. అది సెక్యూరిటీలోనే పట్టేస్తారు, దిగేటప్పుడే తిరిగిస్తారు. కుక్కర్, కెటిల్, ఇస్త్రీపెట్టె, సర్జ్ ప్రొటెక్టర్ ఉన్న ఎక్స్‌టెన్షన్ బాక్సు, కొవ్వొత్తులు, అగరొత్తులు, ఏవీ రానివ్వరు. సముద్రం మధ్యలో నిప్పంటుకుంటే పరిగెత్తడానికి చోటుండదు, ఆ భయంతోనే ఈ నియమం. అమ్మకి అలాగే చెప్పాను, వెంటనే ఒప్పుకుంది. దీపం లేకుండానే చిన్న పటం పెట్టుకుని దణ్ణం పెట్టుకుంది. క్యాబిన్ గోడలు చాలావరకు ఇనపరేకువే, అయస్కాంతం కొక్కేలు బాగా పట్టుకుంటాయి. నాన్న టోపీ, అమ్మ జపమాల సంచి, మందుల సంచి అన్నీ వాటికే తగిలించాం.

తిండికి దారి వేరే ఉంది. ఇంట్లో వండినవి రానివ్వరు గానీ, దుకాణంలో సీలు వేసి అమ్మే పొడుల పొట్లాలకి మాకేం అడ్డు చెప్పలేదు. రాత్రి డైనింగ్ హాల్లో కూర్చోగానే హెడ్ వెయిటర్‌ని పిలిచి మాట్లాడాను. మంగళూరు వైపు ఆయన. "రేపటికి పప్పు, చపాతీ, మెత్తటి అన్నం చేయిస్తాను, కారం ఎంత ఉండాలో చెప్పండి" అన్నారు. భారతీయ శాకాహారం కావాలని బుకింగ్‌లోనే రాయించి, మొదటి రాత్రే మనిషితో నోటితో కూడా చెప్పాలి. అప్పుడు మిగతా రోజులు అడక్కుండానే వస్తుంది. తీపి కలపని పెరుగు పొద్దున్న బఫేలో దొరుకుతుందట, అమ్మ మొహం వికసించింది. బఫేకి వెళ్లేముందు చేతులు సబ్బుతో కడుక్కోవాలి. ఓడల్లో వాంతులూ విరేచనాలూ తెచ్చే నోరోవైరస్ శానిటైజర్‌కి సరిగ్గా లొంగదు, సబ్బూ నీళ్లే నయం.

ప్రమాదం వస్తే ఎక్కడికి చేరాలో చూపించే మస్టర్ డ్రిల్‌ని చాలామంది తప్పించుకోలేని తంతులా చూస్తారు. నాకది చాలా ముఖ్యం. టైటానిక్ 1912లో మునిగాకే 1914లో ఓడల భద్రత ఒప్పందం పుట్టింది. 2012 జనవరిలో ఇటలీ తీరంలో కోస్టా కాంకోర్డియా ఒరిగిపోయి 32 మంది చనిపోయారు. కొత్తగా ఎక్కినవాళ్లలో చాలామందికి అప్పటికింకా డ్రిల్లే జరగలేదు. ఇప్పుడు ఓడ బయల్దేరే ముందో, బయల్దేరిన వెంటనేనో అయిపోవాల్సిందే. వీడియో ఫోన్లో చూసి, మన చోటుకి వెళ్లి హాజరు వేయించుకుంటే చాలు. నేను మాత్రం అమ్మానాన్నల్ని క్యాబిన్ నుంచి ఆ చోటుదాకా ఒకసారి మెట్ల దారిన నడిపించాను. ఆపదలో లిఫ్టు వాడకూడదు. ఏడు పొట్టి కూతలు, ఒక పొడుగు కూత వింటే మందులు, స్వెట్టరు తీసుకుని అక్కడికి రావాలని ఇద్దరిచేతా చెప్పించాను. అమ్మ భయపడుతుందేమో అనుకున్నాను, "ఎక్కడికెళ్లాలో తెలిసింది, ఇప్పుడు ధైర్యంగా ఉంది" అంది.

ఓడ కదిలేటప్పుడు పక్కన డాల్ఫిన్లు ఎగిరాయి. పిల్లలంతా అటు పరిగెత్తారు. నాన్న చూపు మాత్రం పైలట్ పడవ మీదే. కాలువ దాటేదాకా ఓడకి దారి చూపించే మనిషిని పైలట్ అంటారు. కాలువ దాటాక ఆ పడవ ఓడని ఆనుకుని పక్కనే వస్తుంటే, పైలట్ తాడు నిచ్చెన మీంచి అందులోకి దిగాడు. ధవళేశ్వరంలో ఇరిగేషన్ శాఖలో పనిచేసిన మనిషి కదా, నీళ్ల మీద పని చేసేవాళ్లని చూస్తే ఆయనకి కదలబుద్ధి కాదు. ఇసక మేటలు, కాలువ లోతు, తవ్వోడల గురించి చాలాసేపు చెప్పారు. ఇంత ఉత్సాహంగా ఆయన మాట్లాడటం చూసి ఎన్నాళ్లయిందో.

ఓడ నడిమిలో, కింది అంతస్తులో క్యాబిన్ తీసుకున్నాం, ఊపు తక్కువ తెలుస్తుందని. అల్లం మురబ్బా, ఉప్పు బిస్కెట్లు దగ్గరున్నాయి. వాంతుల మాత్ర నాన్నకి వద్దని ఆయన డాక్టరు ముందే చెప్పారు. ప్రోస్టేట్, గ్లకోమా ఉన్న పెద్దవాళ్లు అడగకుండా అది వేసుకోకూడదు. విజిటర్ ఇన్సూరెన్స్ ఓడలో చెల్లుతుందో లేదో కూడా ముందే రాతపూర్వకంగా అడిగి తెలుసుకున్నాం. ఓడలో డాక్టరు ఉంటారు గానీ ఫీజు మన ఖాతాలోనే పడుతుంది.

ఫోన్లన్నీ ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టేశాను. ఓడ సెల్ నెట్‌వర్క్‌కి ఫోను తనంతట తాను తగులుకుంటే బిల్లు వాచిపోతుంది. వైఫై ఒక్క ఫోనుకే కొన్నాం, నాన్న వాట్సాప్ శుభోదయాలకి అది చాలు. ఎల్లుండి కొజుమెల్‌లో దిగినప్పుడు నాన్న చేతి గడియారాన్నే నమ్ముకోవాలి. చలికాలంలో అక్కడి టైము టెక్సస్ కంటే గంట ముందుంటుంది, ఫోను ఏది చూపిస్తుందో చెప్పలేం. ఓడ టైమే లెక్క, వెనక్కి రావాల్సిన వేళ కూడా అదే లెక్కలో చెప్తారు. ఆలస్యమైతే ఓడ ఆగదు.

చివరి రాత్రి సంగతి కూడా దానికి రాయాలి: పెట్టెలు పడుకునే ముందు క్యాబిన్ బయట పెట్టమంటారు, పొద్దున్న రేవులో తీసుకోవాలి. ఆ రాత్రి మందులూ, పాస్‌పోర్టులూ, మర్నాటి బట్టలూ, చెప్పులూ పెట్టెల్లోకి పోకుండా చూసుకోవాలి. బఫే నుంచి అరటిపండ్లు సంచీలో వేసుకుని దిగకూడదు, పళ్లు కస్టమ్స్ దగ్గర ఒప్పుకోరు. అమ్మకి ఈ మాట రేపే చెప్పాలి, దారిలో నాన్నకి ఉంటాయని తప్పకుండా దాస్తుంది.