మార్కు నల్లబడేలోపల

బడి పాత విద్యార్థుల సమావేశానికి వేసే సంచిక పని నెత్తిన వేసుకున్న మన డబుల్‌రూళ్ళు (ఇందులో అన్నీ బడి మారుపేర్లే) గత నెలలో మూడుసార్లు ఫోను చేసి, రెండు పుటలకు మించకుండా, అందరినీ తలుచుకుంటూ, ఎవరినీ నొప్పించకుండా ఒక వ్యాసం రాసి ఇవ్వమని అడిగాడు. ఈ మూడింటిలో చివరిదాన్ని మాత్రమే నిలబెట్టుకోగలనని అప్పుడే చెప్పాను. ఏడో నెంబరు గది కిటికీ సంగతి, నీళ్ళ ట్యాంకు ఉదంతం, ఉగ్గాని పంచాయితీ మిగిలినవాళ్ళు ఎలాగూ రాస్తారు. నాకు బడి అంటే తొమ్మిదో తరగతి, తొమ్మిదో తరగతి అంటే తెలుగయివారు, తెలుగయివారు అంటే ఆయన బల్ల మీద మూత సరిగా పట్టని ఆ సిరాబుడ్డి.

ఆయన అంగట్లో అమ్మే ఇంకును ముట్టుకోగా మనలో ఎవరూ చూడలేదు. నల్లమల కరక్కాయలను నలగ్గొట్టి, గింజలు ఏరేసి, పెచ్చులను రాత్రంతా నానబెట్టి, మరునాడు నీళ్ళు సగానికి ఇగిరేదాకా కాచి, పాత పంచె ముక్కలో వడగట్టి, అందులో అన్నభేది అనే ఇనుప లవణం కొద్దికొద్దిగా కలిపి, చివర తుమ్మబంక నీళ్ళు పోసేవారు. ఆ పని ఆదివారం ఇంటి పెరట్లో జరిగేది. సోమవారం ఉదయం ఆయన వేళ్ళకొసలు చూస్తే కొత్త సిరా వచ్చిందని తెలిసిపోయేది. ముంచి రాసే పాళీ ఒకటి, చెక్క పిడి ఒకటి, పాళీ తుడుచుకునే గుడ్డ ఒకటి ఆయన సరంజామా. ఆ గుడ్డను ఉతకగా చూసినవాళ్ళు కూడా లేరు.

ఆ సిరా గొప్పతనమంతా దాని ఆలస్యంలో ఉండేది. కాగితం మీద పడినప్పుడు పలుచటి కషాయంలాగా, ఉందో లేదో అన్నట్టు కనిపించేది. గాలి తగిలేకొద్దీ ముదిరి, సాయంత్రానికి నల్లబడేది. కరక్కాయలోని వగరూ అన్నభేదిలోని ఇనుమూ కలిసి, గాలిలోని ప్రాణవాయువు సోకి, నీటికి కరగని నల్లటి పదార్థంగా మారతాయని సైన్సు సారు మనకు బోర్డు మీద రాసి చూపించారు గాని, అంతకుముందే ఆ రహస్యాన్ని మూడో బెంచీవాళ్ళు తమ పద్ధతిలో కనిపెట్టి ఉన్నారు. కాంపోజిషను పుస్తకంలో మూడు మార్కులు పడినవాడు, ఆ మూడు నల్లబడేలోపల కొళాయి దగ్గరికి పరుగెత్తి తడివేలితో తుడిచెయ్యగలిగితే, ఇంటికి వెళ్ళేసరికి మార్కు లేని పుస్తకంతో వెళ్ళవచ్చు. ఈ పందెంలో బొంగరం ఒక్కడే రెండుసార్లు గెలిచాడని చెప్పుకునేవాడు. నేను ఒక్కసారి ప్రయత్నించి, మూడుతో పాటు కాగితాన్ని కూడా చించి, అయివారి ముందు నిలబడ్డాను. ఆయన నన్ను కొట్టలేదు. చిరిగిన చోట వెనుకనుంచి చిన్న కాగితం అంటించి, దాని మీద మళ్ళీ మూడు వేసి, "ఈడ్నే నిలబడు. నల్లబడేదంక సూడు" అన్నారు. పీరియడంతా నిలబడి చూశాను. అంత శ్రద్ధగా నేను ఏ పాఠమూ వినలేదు.

ఇక పెన్ను సంగతి. కర్నూలు రాజధానిగా ఉన్న 1953 నుంచి 1956 దాకా మా నాయన ఒక గుడారంలో నడిచే కార్యాలయంలో నకళ్ళు రాసే గుమాస్తా. రాజధాని హైదరాబాదుకు తరలిపోయేటప్పుడు, మద్రాసు నుంచి వచ్చి ఇక్కడి ఎండకు మూడేళ్ళు ఓర్చుకున్న ఒక అధికారి తన పెన్నును మా నాయన చేతిలో పెట్టి వెళ్ళిపోయాడట. అది పార్కర్ 51లో డెమీ అనే రకమని, మామూలు 51 కంటే కాస్త పొట్టి, కాస్త సన్నం అని నాకు చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. అప్పటికి తెలిసింది ఒక్కటే: ఆ పెన్నుకు పాళీ లేదు. నిజానికి ఉంది గాని, ముసుగు వేసుకున్నట్టు లోపలే ఉండి, మొన మాత్రం బయటకు తొంగి చూస్తుంది. వెనుక గొట్టం విప్పితే లోహపు తొడుగు, దానికొక పట్టీ. ఆ పట్టీని ఎన్నిసార్లు నొక్కాలో తొడుగు మీదే చెక్కి ఉంటుంది. నొక్కి వదిలిన ప్రతిసారీ బుడ్డిలో బుడగలు వచ్చేవి. మా నాయన దాన్ని సంక్రాంతికీ, జీతం పుచ్చుకునే రోజుకూ తప్ప బయటికి తీసేవాడు కాదు.

దసరా సెలవులకు ముందు వ్యాసరచన పోటీ పెట్టారు, గుర్తుందా? అంశం ఏమిటో నాకు గుర్తు లేదు. బహుమతి తెచ్చుకున్న ముక్కుపొడికి కూడా గుర్తుండి ఉండదు. నేను మాత్రం ఆ పెన్నును పెట్టెలోంచి ఎత్తుకొచ్చి, అంతటితో ఆగకుండా, భోజన విరామంలో అయివారి బల్ల మీది బుడ్డిలో ముంచి, పట్టీని ఆరుసార్లు నొక్కి, కరక్కాయ సిరా నిండా పట్టించాను. మంచి పెన్నులో మంచి సిరా పోస్తే మంచి వ్యాసం వస్తుందని నా లెక్క. రెండు పుటలు నల్లేరు మీద బండిలాగా సాగాయి. మూడో పుటలో గీత సన్నగిల్లింది. నాలుగో పుట అరువు తెచ్చుకున్న పెన్సిలుతో ముగించాను. ఇంటికి వెళ్ళి, పెన్నును ఉన్నచోట ఉన్నట్టే పెట్టి, సెలవులంతా దాని ఊసెత్తలేదు. దీపావళి ముందు మా నాయన దాన్ని తీసి కాగితం మీద పెడితే గీత పడలేదు. విదిలించాడు, మొనను నాలుకకు ఆనించాడు, వెలుతురుకు ఎత్తి చూశాడు, ఏమీ అనకుండా మళ్ళీ పెట్టెలో పెట్టాడు.

సెలవులయ్యాక నేను అయివారి దగ్గర ఒప్పుకున్నాను. ఆయన నవ్వుతారనుకున్నాను గాని, చాలాసేపు దిగులుగా చూసి, "ముంచి రాసే పాళీని ఎప్పటికప్పుడు తుడుస్తాం రా. పెన్ను కడుపులో పోస్తే యాడ తుడుస్తావు?" అన్నారు. ఆ ఒక్క మాటలోనే విషయమంతా ఉంది. 51 ముసుగు కింద పాళీ చుట్టూ సన్నటి గాళ్ళు గాళ్ళుగా ఒక అమరిక ఉంటుంది. ఎక్కువైన ఇంకు అక్కడ నిలుస్తుంది. కరక్కాయ సిరా అక్కడే నల్లబడి, మడ్డి కట్టి, ఆ గాళ్ళన్నిటినీ పూడ్చేసింది. శనివారం బడి వదిలాక ఆయన నన్ను వెంటబెట్టుకుని, ఒక మెట్ల కింద చాప వేసుకుని పెన్నులు బాగుచేసే సాయిబు దగ్గరికి తీసుకువెళ్ళారు. పెట్టెలోంచి పెన్ను రెండోసారి దొంగిలించింది నేను. దొంగసొత్తని తెలిసి మోసుకువెళ్ళింది అయివారు. సాయిబు ముసుగును సన్నని సెగ మీద తిప్పితిప్పి, లోపలి లక్క మెత్తబడ్డాక విప్పి, ముక్కలన్నీ నిమ్మఉప్పు నీళ్ళలో వేసి బుధవారం రమ్మన్నాడు. బుధవారం కూడా కాలేదు. మూడో వారానికి గీత పడింది. కూలి ఎంతో అయివారు నాకు చెప్పలేదు. ఆయన చెప్పనివి ఇంకా చాలా ఉన్నాయని ఆయన పోయాక విన్నాను.

పదో తరగతి గురించి రాయడానికి నా దగ్గర దాదాపు ఏమీ లేదు. మా మేనమామ మద్రాసు బర్మాబజారు నుంచి తెచ్చిన హీరో 616 నా జేబుకెక్కిందనీ, వార్షికోత్సవంలో కలెక్టరు వేషానికి బొంగరం దాన్ని అడిగాడనీ, పెన్ను ఇవ్వనంటే, జేబుకు క్యాపు ఒక్కటి కనిపిస్తే చాలదా అని క్యాపు మాత్రం పట్టుకుపోయాడనీ తప్ప, 1978 మార్చి దాకా జరిగినదేదీ జ్ఞాపకం లేదు. పరీక్ష ఎలాగో పాసయ్యాను. తర్వాతి ఐదారేళ్ళను మీరూ అడగవద్దు.

రిజిస్ట్రేషన్ శాఖలో జూనియర్ అసిస్టెంటుగా ఉత్తర్వులు వచ్చిన రోజు మా నాయన ఆ డెమీని నా జేబుకు పెట్టి, "దీంట్లో కరక్కాయ సిరా పోయొద్దు" అన్నాడు. అంతే. అన్నేళ్ళూ ఆయనకు తెలుసునని నాకు ఆ పూట తెలిసింది.

ఆ రోజుల్లో ప్రతి స్థిరాస్తి దస్తావేజునూ ఒకటో పుస్తకం అనే రిజిస్టరులోకి చేత్తో ఎక్కించాలి. 1998లో మా కార్యాలయాలకు కంప్యూటర్లు వచ్చేదాకా ఎన్ని సరిహద్దులు, ఎన్ని సర్వే నెంబర్లు, ఎన్ని వేపచెట్లు, ఎన్ని ఉమ్మడి గోడలు నా చేతిమీదుగా పోయాయో లెక్కలేదు. ఆ పుస్తకాల గురించి చెప్పే రిజిస్ట్రేషన్ చట్టం సెక్షను కూడా 51 కావడం నాకు ఇప్పటికీ సరదాగానే ఉంటుంది. నా దస్తూరీ చూసి నకళ్ళ కోసం మా సబ్‌రిజిస్ట్రారు నన్నే పిలిచేవాడు. అది తెలుగయివారి చలవ. అదే శాఖలో మెట్టుమెట్టుగా ఎక్కి 2024లో జిల్లా రిజిస్ట్రారుగా పదవీ విరమణ చేశాను. మూడు మార్కులవాడు అంతదాకా వెళ్ళాడని మూడో బెంచీవాళ్ళు గమనించగలరు.

సన్న పెన్నుల పిచ్చి అక్కడే ముదిరింది. నాకొక నియమం ఉంది: నా చిటికెనవేలికంటే లావైన పెన్ను కొనను. ఇప్పుడు మార్కెట్లో వచ్చే రోకలిబండల్లాంటి పెన్నులను చూస్తే రాయడానికా దంచడానికా అనిపిస్తుంది. పైగా తెలుగు అక్షరానికి సన్న గీతే కావాలి. ఇంగ్లీషువాళ్ళు మీడియం అని అమ్మే పాళీతో ఘ, ఝ రాసి చూడండి, కడుపులు పూడిపోతాయి. స్త్రీ రాస్తే ఒత్తులన్నీ ఒకదాని మీద ఒకటి పడి మూటలాగా తయారవుతుంది. మన అక్షరం మూలలు తిరగదు, గుండ్రంగా తిరుగుతుంది, కాబట్టి పాళీ ఏ పక్కకు ఒరిగినా గీకకుండా పోవాలి. ఈ రెండు పరీక్షలూ నెగ్గినవి నా దగ్గర పదకొండు ఉన్నాయి. 1977లో వచ్చిన పార్కర్ 180 ఒకటి: పాళీని ఒక వైపు పెట్టి రాస్తే సన్నం, తిరగేసి రాస్తే కొంచెం లావు, ఎత్తి చూస్తే పుల్లంత బరువు లేదు. షెఫర్ టార్గా సన్న రకం ఇంకొకటి: పాళీని పిడిలో చెక్కి పొదిగినట్టుంటుంది. దానికి మామూలు టార్గా కార్ట్రిడ్జి (ఇంకు నింపిన చిన్న గొట్టం) పట్టదు, పట్టే సన్న కార్ట్రిడ్జి ఇప్పుడు తయారు కాదు. ఉన్న ఒక్కదాన్నే సిరంజితో నింపుకుంటూ, పగలకుండా చూసుకుంటూ బతుకుతున్నాను. జపాన్‌వాళ్ళు 1971లో తెచ్చిన పైలట్ మ్యూ 701 మా అమ్మాయి పంపింది. ఆమె నగోయాలో ఇంజనీరు. అందులో పాళీ వేరే ముక్క కాదు, వేళ్ళతో పట్టుకునే ఉక్కు గొట్టమే సాగి మొనదేరి పాళీ అయింది. మూత పెట్టుకుంటే చొక్కా జేబులో మునిగిపోతుంది, మూత తీసి వెనుక తగిలిస్తే పూర్తి పెన్ను. సన్న పెన్నుల లోపం కూడా చెప్పాలి గదా: కడుపు చిన్నది, ఇంకు తొందరగా అయిపోతుంది, గంటసేపు వదలకుండా రాస్తే వేళ్ళు పట్టేస్తాయి. ఈ వ్యాసం రాయడానికి నాలుగు రోజులు పట్టడానికి అదొక కారణం.

2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ కలిసి కర్నూలు మీద పడినప్పుడు నేను వేరే ఊళ్ళో ఉద్యోగంలో ఉన్నాను. బురుజు వెనుక మా ఇంట్లో నీళ్ళు అటక తాకాయి. నీళ్ళు తీశాక వెళ్ళి, ఒండ్రు తోడి, మా నాయన ఇనుప పెట్టె తెరిచాను. రాజమండ్రి నుంచి తెచ్చుకున్న ఎబొనైటు (గట్టి రబ్బరు) పెన్ను నలుపు పోయి ఒండ్రు రంగుకు తిరిగింది. డెమీ మాత్రం కొళాయి కింద కడిగితే ఎప్పటిలాగే రాసింది. పెట్టె అడుగున ఒక నోటుపుస్తకం అట్ట ఊడి, ముద్దయి ఉంది. దాన్ని మిద్దె మీద ఆరబెట్టి, పుట పుట విడదీస్తే, అది నా తొమ్మిదో తరగతి కాంపోజిషను పుస్తకం. నేను రాసిందంతా రాయల్ బ్లూ. కడిగితే పోయే ఇంకు, కడిగితే పోయింది. పుటలు ఖాళీ. ఆ ఖాళీ పుటల్లో, నేను ఎక్కడెక్కడ తప్పు రాశానో అక్కడల్లా అయివారి సున్నాలు, గీతలు, దిద్దిన ఒత్తులు, కింద "అక్షరం కుదురుగా రాయి" అన్న వాక్యం నల్లగా, నిన్న పెట్టినట్టు నిలిచి ఉన్నాయి. ఒక పుటలో వెనుకనుంచి అంటించిన చిన్న కాగితం ఊడి వేలాడుతోంది. దాని మీద మూడు.

ఆ పుస్తకాన్ని సమావేశానికి తెస్తాను. డెమీ కూడా తెస్తాను, పట్టుకుని చూడవచ్చు, రాయడానికి మాత్రం ఇవ్వను. హీరో పెన్ను కాండం కూడా నా దగ్గర భద్రంగా ఉంది. బొంగరం ఇది చదువుతూ ఉంటే, వాళ్ళ ఇంట్లో ఏ డబ్బాలోనైనా ఒక క్యాపు ఉందేమో వెదకమని మనవి. బాణం క్లిప్పు కొన దగ్గర కొంచెం ఎడమకు వంగి ఉంటుంది.