నాన్న కట్టిన మహళ్లు ఉండే చోటు

నాన్న సంవత్సరీకం అయిన పది రోజులకు అమ్మ, "ఒకసారి మద్రాసు వడపళని తీసుకెళ్లరా" అంది. ఎందుకని అడగలేదు. అడగాల్సిన పని లేదు.

పొద్దున్నే తెనాలిలో పినాకిని ఎక్కాం. అమ్మ సంచిలో పులిహోర, పెరుగన్నంతో పాటు పాత తువ్వాలులో చుట్టిన, చెక్కను నున్నగా చేసే నాన్న చిత్రిక ఉంది. సాలిగ్రామంలో ఉన్న బాబాయికి ఇవ్వాలని తెచ్చింది. నిజానికి ఆయన మాకు చుట్టమేమీ కాదు, నాన్న దగ్గర పని నేర్చుకున్నవాడు. సూళ్లూరుపేట, తడ దాటి స్టేషన్ల పేర్లు తమిళంలోకి మారగానే అమ్మ కిటికీ వైపు జరిగి కూర్చుంది. 1968లో పంతొమ్మిదేళ్ల వయసులో నాన్న ఇదే దారిన వచ్చాడు. ఊళ్లో తలుపులు, నాగళ్లు చేసే ఇంట్లో పుట్టినవాడు, సినిమా సెట్లకు వడ్రంగి అయ్యాడు.

చెన్నై సెంట్రల్‌లో దిగి మెట్రో ఎక్కితే వడపళని నేరుగా వచ్చేసింది. నాన్న పనిచేసిన విజయా వాహినీ స్టూడియో ఒకప్పుడు ఆసియాలోనే పెద్దవాటిలో ఒకటి. ఇప్పుడు ఆ నేలలో కొంత భాగంలో పెద్ద మాల్ ఉంది. అమ్మ దాని ముందు నిలబడి, "మీ నాన్న ఫ్లోర్ ఎక్కడుండేదిరా?" అంది. నేనూ చెప్పలేకపోయాను. నైట్ కాల్షీట్ ఉన్న రోజుల్లో అమ్మ గేటు దాకా క్యారియర్ తెచ్చేది. లోపలికి వెళ్లింది మాత్రం ఒక్కసారే.

ఆ రోజు నాకు బాగా గుర్తు. నాకు ఎనిమిదేళ్లు, అక్కకి పన్నెండు. రాజుగారి సభ సెట్టు. స్తంభాలకు బంగారు రంగు, సింహాసనం వెనక నెమళ్లు. మేం నోరు తెరుచుకుని చూస్తుంటే నాన్న నా చెయ్యి పట్టుకుని ఒక స్తంభం మీద కొట్టించాడు. డబ్ డబ్‌మని బోలు చప్పుడు. తర్వాత వెనక్కి తీసుకెళ్లాడు. అక్కడ రాజుగారి సభ లేదు. రంపం కోత అలాగే ఉన్న రీపర్లు, వాటికి ఆన్చిన ముట్టుకర్రలు, కొబ్బరిపీచు కలిపిన ప్లాస్టర్ ఆఫ్ పారిస్ ముద్దలు, అడ్డదిడ్డంగా పొడుచుకొచ్చిన మేకులు. "కెమెరా ఇటు రాదు నాన్నా" అన్నాడు. షూటింగ్ అయ్యాక ఆ సభనంతా విప్పేసి, వంగిన మేకుల్ని రాయి మీద పెట్టి సుత్తితో సరిచేసేవాళ్లు, మళ్లీ వాడుకోవడానికి. ఆ టకటకలు వింటూ నేను హోమ్‌వర్క్ చేసుకున్న రోజులున్నాయి.

ఏం సంపాదించాడంటే, మా ఇద్దరినీ టి.నగర్ కేసరి స్కూల్లో చదివించాడు, అక్క పెళ్లి చేశాడు. ఒకసారి ఒక కంపెనీ సినిమా మధ్యలో ఆపేసి రెండు నెలల కూలి ఎగ్గొట్టింది. అమ్మ గాజులు తాకట్టుకు వెళ్లాయి. నాన్న పగలు సెట్టు పని, రాత్రి ఇళ్లల్లో తలుపుల పని చేసి దీపావళికి ముందే విడిపించుకొచ్చాడు. ఆ నెలల్లో ఆయన చెవుల్లో రంపపుపొట్టు లేని రోజు నేను చూడలేదు.

1970ల మధ్యలో అక్కినేని నాగేశ్వరరావు గారు హైదరాబాద్‌లో అన్నపూర్ణ స్టూడియో కట్టాక, తెలుగు సినిమా మెల్లమెల్లగా అటు తరలిపోయింది. తోటివాళ్లు చాలామంది వెళ్లారు. మా చదువులు పాడవుతాయని నాన్న వెళ్లలేదు. పని తగ్గినా ఉండిపోయాడు. ఆ నిర్ణయం ఖరీదు ఎంతో నాకు ఉద్యోగం వచ్చాక గానీ అర్థం కాలేదు.

సాలిగ్రామం సందులో బాబాయి చిన్న కొట్టు. అమ్మని చూడగానే "వదినా!" అని లేచి, కూర్చోవడానికి స్టూలు తుడిచాడు. తువ్వాలు విప్పితే చాలాసేపు మాట్లాడలేదు. నాన్న అరచెయ్యి ఆనిన చోట కొయ్య నల్లగా, నున్నగా గుంటపడి ఉంది. బ్లేడు నూరీ నూరీ సగానికి వచ్చింది.

"సెట్లో నేను ఒకసారి చెక్కకు వెనకవైపు కూడా చిత్రిక పడుతుంటే అన్న తిట్టాడు వదినా. ఇలా చేస్తే తెల్లారేలోగా సెట్టు ఎవడిస్తాడ్రా అన్నాడు. అదే మీ ఇంటి బీరువా చేసినప్పుడు, గోడకి ఆనే వైపు కూడా రెండు రాత్రులు కూర్చుని చిత్రిక పట్టాడు. నేను నవ్వితే, ఇది మనింట్లో ఉండేదిరా అన్నాడు."

ఆ బీరువా సెట్టు విప్పిన చెక్కలతో చేసిందే. కింది అర లోపల ఇప్పటికీ కాస్త బంగారు రంగు కనిపిస్తుంది.

"నిజమే, ఎన్నిసార్లు జరిపి ఊడ్చానో, చేతికి ఒక్క పేడు గుచ్చుకోలేదు" అంది అమ్మ. అంత మామూలుగా అని, కళ్లు తుడుచుకుంది.

బాబాయి చిత్రిక తీసుకున్నాడు గానీ ఊరికే తీసుకోనన్నాడు. పనిముట్టు ఊరికే పుచ్చుకోకూడదట. జేబులో వెతికి అమ్మ చేతిలో రూపాయి బిళ్ల పెట్టాడు. అమ్మ దాన్ని కొంగున ముడేసుకుంది. రాత్రి రైల్లో నిద్రపట్టే దాకా ఆ ముడి మీదే చెయ్యి వేసుకుని ఉంది.