పేతురు అంటే పీటరే

పోయిన జూలైలో పిల్లల్ని తీసుకుని ఇక్కడ అమెరికాలో గ్రాండ్ టీటన్ అనే కొండల పార్కుకి వెళ్లాం. సాల్ట్ లేక్ సిటీలో మా ఇంటి నుంచి ఐదు గంటల డ్రైవ్. అక్కడ మూస్ అనే చోట, స్నేక్ నదికి దగ్గర్లో, చాపెల్ ఆఫ్ ద ట్రాన్స్‌ఫిగరేషన్ అని చిన్న దుంగల చర్చి ఉంది. 1925లో కట్టారు. చుట్టుపక్కల రాంచ్‌లలో ఉండేవాళ్లు ఆదివారం ఆరాధనకి గుర్రపు బగ్గీల్లో జాక్సన్ ఊరి దాకా పోవాల్సి వచ్చేది. ఆ బాధ తప్పుతుందని మాడ్ నోబుల్ అనే ఆవిడ స్థలం ఇచ్చింది.

నేను మెదక్ దాన్ని. మా చర్చి ప్రతిష్ఠ 1924 క్రిస్మస్ రోజు జరిగింది, అంటే ఈ చాపెల్‌కి ఒక్క ఏడాదే పెద్దది. కానీ అదెక్కడ, ఇదెక్కడ! కరువులో జనానికి పని చూపించి అన్నం పెట్టాలని పాస్నెట్ అనే మిషనరీ దొర కట్టించిన చర్చి మాది. మా చుట్టాల పెళ్లికి వచ్చినవాళ్లలో సగం మంది కూడా ఈ చాపెల్‌లో పట్టరు.

మూడేళ్ల క్రితం మెదక్ వెళ్లినప్పుడు మా పాప చర్చి ముందు బూట్లు విప్పనని ఏడ్చింది. అప్పుడు దానికి ఆరేళ్లు. ఎండకి రాళ్లు కాలుతున్నాయి. "మన చర్చిలో వేసుకునే పోతాం కదా, ఇక్కడెందుకు తీయాలి?" అని అడిగితే నాకు చెప్పడం చేతకాక కోప్పడ్డాను. చివరికి మా అమ్మే దాన్ని చంకనేసుకుని లోపలికి తీసుకుపోయింది. ఆ రోజు గుర్తొస్తే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

ఈసారి నేనేమీ అనలేదు. చాపెల్ గుమ్మం దగ్గర అదే కూర్చుని లేసులు విప్పుకుంటోంది.

"ఇక్కడ ఎవరూ తీయట్లేదే," అన్నాడు వాళ్లన్నయ్య, అటూ ఇటూ చూస్తూ.

"అమ్మమ్మ తీస్తుంది కదా!"

నేనూ విప్పేశాను. పన్నెండేళ్లుగా ఈ దేశంలో ఏ చర్చిలోనూ విప్పలేదు.

మెదక్‌లో రంగుటద్దాల కిటికీలు మూడు: యేసు పుట్టుక, సిలువ, ఆరోహణం. ఇక్కడ ఆరాధన బల్ల వెనక ఉన్నది మామూలు అద్దమే. అందులోంచి జూలైలోనూ మంచు కరగని టీటన్ శిఖరాలు కనిపిస్తాయి. ఈ చర్చి పేరుకి అర్థం రూపాంతరం అని చెప్పగానే పాప అందుకుంది. యేసు పేతురునీ, యాకోబునీ, యోహానునీ ఎత్తైన కొండ మీదికి తీసుకెళ్లాడని, అక్కడ ఆయన ముఖం సూర్యుడిలా మెరిసిందని. అమ్మమ్మ వీడియో కాల్‌లో చెప్పిన కథ.

"పేతురు ఎవరు?" అన్నాడు మావాడు.

"పీటర్ రా నాన్నా. యాకోబు అంటే జేమ్స్, యోహాను అంటే జాన్."

ఏళ్ల తరబడి సండే స్కూల్‌లో విన్నవాళ్లూ, అమ్మమ్మ ప్రార్థనలో వచ్చేవాళ్లూ ఒకరేనని వాడికి ఆ రోజే తెలిసింది. తప్పు వాడిది కాదు, నేనెప్పుడూ కలిపి చెప్పలేదు. కిటికీ వైపు చూస్తూ మూడు పేర్లూ మెల్లగా తెలుగులో అనుకున్నాడు.

ఆ రాత్రి, మెదక్‌లో పొద్దెక్కే వేళకి, అమ్మకి ఫోన్ చేశాం. పాప బూట్ల సంగతి చెప్పింది.

"నేల సల్లగుండెనా బిడ్డా?" అని అడిగింది అమ్మ.

"సల్లగనే ఉంది అమ్మమ్మా."