హానిబాల్ తిరిగి రాలేదు

నిన్న రాత్రి పాత విమానాల ఫొటోలు చూస్తూ హానిబాల్ దగ్గర ఆగిపోయాను, ఇంకా దాని గురించే ఆలోచిస్తున్నాను. బ్రిటన్‌లో తయారైన హాండ్లీ పేజ్ హెచ్.పి. 42 అది, ఒకదానిపై ఒకటిగా రెండు రెక్కలు, నాలుగు ఇంజిన్లు, గంటకు 160 కిలోమీటర్ల నిదానపు వేగం. ఇలాంటివి మొత్తం 8 మాత్రమే కట్టారు. 1931 నుంచి బ్రిటిష్ విమాన సంస్థ ఇంపీరియల్ ఎయిర్‌వేస్ వీటిని నడిపింది, కొన్ని పారిస్‌కి, కొన్ని కైరో నుంచి ఎడారుల మీదుగా కరాచీకి. రెండో ప్రపంచ యుద్ధం వచ్చేదాకా వీటిలో ఒక్క ప్రయాణికుడి ప్రాణం కూడా పోలేదంటే, ఆ రోజుల్లో అది నిజంగా గొప్ప విషయం.

1940 మార్చి 1న ఇరాన్‌లోని జాస్క్ నుంచి షార్జా వెళ్తూ ఒమన్ గల్ఫ్ మీద హానిబాల్ మాయమైంది. లోపల 8 మంది. అందులో ఎ.టి. పన్నీర్‌సెల్వం ఉన్నారని చదివి గుండె బరువెక్కింది, 1937లో మన కూర్మా వెంకటరెడ్డి నాయుడు గారి మద్రాసు మంత్రివర్గంలో పనిచేసిన మనిషి, లండన్‌లో కొత్త పదవి కోసం బయల్దేరారట. ఎందుకు కూలిందో ఇప్పటికీ తేలలేదు. మిగతా ఏడింటిలో ఒకటి 1937లోనే కాలిపోయింది, మిగిలినవి యుద్ధకాలంలో పోయాయి, మ్యూజియంలో చూద్దామన్నా ఒక్కటీ లేదు. కనీసం ఒక్కదాన్నైనా దాచి ఉండాల్సింది.